వదినగారికి చలి వేయకూడని వారం

నోవై ఊళ్లో మా కాలనీ నియమాల ప్రకారం, కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇంటిని, అంటే ట్రెయిలర్‌ని, ఇంటి ముందు నిలపకూడదు. అందుకని దాన్ని ఊరి చివర, పడవలూ పాత వ్యాన్లూ భద్రపరిచే ఒక స్థలంలో ఉంచేదాన్ని. పదహారు అడుగుల పొడవు, ఒక మంచం, బల్లను కిందికి దించితే మరొక మంచం, రెండు పొయ్యిలు, ఎంత సర్దినా ఒకవైపు జారిపోయే కిటికీ తెర. 2008లో, నలభై నాలుగేళ్ల వయసులో, ఎవరో వాడి వదిలించుకున్నదాన్ని కొన్నాను. ఏటా అక్టోబరు రెండో వారంలో దాన్ని నేనే తోలుకుంటూ హ్యూరన్ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లి, ఒక్కదాన్నే ఉండి వచ్చేదాన్ని. అక్కడ ఏం చేస్తావని అడిగినవారికి ఉన్నమాటే చెప్పాను. ఏమీ చేయను. ఎవరికీ వండను, ఎవరికీ జవాబు చెప్పను, ఆకలైనప్పుడు తింటాను, నీళ్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత రాసుకుంటాను. వృత్తిరీత్యా నేను ఒక కారు విడిభాగాల కంపెనీలో ఖర్చుల లెక్కలు చూసేదాన్ని కనుక, ఏదో ఒక అంకె రాయనిదే నాకు రోజు గడిచినట్టు ఉండదు. మిగిలిన యాభై ఒక్క వారాలను నేను ఆ ఒక్క వారం మీద మోపి నడిపేదాన్ని.

2011 వేసవిలో మావారి అక్కగారు మన దేశం నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. తల్లి చిన్నప్పుడే పోతే ఆయనను తన అత్తవారింట ఉంచుకుని పెంచి పెద్దచేసింది ఆవిడే. అరవై రెండేళ్ల మనిషి. చూపులో గానీ వినికిడిలో గానీ ఏ లోపమూ లేదు. భర్త పోయిన తర్వాత మడి పాటిస్తున్నారు. అంటే, పొద్దున్నే స్నానం చేసి, ముందురోజు ఉతికి ఆరేసిన చీర కట్టుకుని, తన వంట తానే వండుకుని తింటారు. ఆరేసిన ఆ చీరను స్నానం చేయని చెయ్యి తాకిందా, ఆ పూట ఆవిడకు అన్నం లేదు. మా బేస్‌మెంట్‌లో ఒక మూల దండెం కట్టించుకుని, ఎవరూ దగ్గరకు రాకుండా చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టించారు. మావారి ట్రెడ్‌మిల్ ఆ కుర్చీల లోపల చిక్కుకుపోయింది. ఆయన అప్పటినుంచి వ్యాయామం మానేశారు. అందుకు ఎవరినీ ఏమీ అనలేదు.

సెప్టెంబరు చివర, ఒక ఆదివారం భోజనాల దగ్గర, నా వారం సంగతి వచ్చింది.

"అడవిలో ఒక్కదానివీ వారం రోజులు ఏం చేస్తావే అమ్మాయ్?" అన్నారు వదినగారు.

"ఏమీ చేయను వదినా."

"ఏమీ చేయకపోవడానికి ఇల్లు చాలదూ?" అని తమ్ముడి వైపు తిరిగారు. "ఒరేయ్, నువ్వు బతికుండగానే ఒంటరిగా ఉండటం ప్రాక్టీసు చేస్తోందిరా మీ ఆవిడ. నాకు మీ బావ పోయాక గానీ చేతకాలేదు."

మావారు నవ్వారు. అక్కగారి హాస్యానికి ఆయన ఎప్పుడూ నవ్వుతారు. ఆ హాస్యం ఎవరి మీద పడిందో తర్వాత చూసుకుంటారు, ఒక్కోసారి అదీ చూసుకోరు.

"నవ్వుతావేమిట్రా? ఆ డబ్బా అమ్మేసెయ్. వయసొచ్చిన ఆడది అలా తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు?"

"సరే అక్కయ్యా, అమ్మేద్దాంలే" అన్నారాయన, మజ్జిగ అందుకుంటూ. మూడేళ్లుగా నేను దాచుకున్న చోటు అంత తేలికగా, రెండు ముద్దల మధ్య పోయింది.

"ఒక్కసారి మీరూ వచ్చి చూడండి వదినా. ఆ తర్వాత అమ్మమనండి" అన్నాను. నాకే వింతగా తోచేంత ప్రశాంతంగా అన్నాను.

"ఆ చలిలోకా? నన్ను చంపి తీసుకొద్దామనా?"

"చలి వేయదు. హీటర్ కొంటాను."

మావారికి ఇది నచ్చింది. ఆఫీసులో రెండు టీముల మధ్య తగువు తీర్చినప్పటి ముఖం పెట్టారు. "ఇది ఫెయిర్‌గా ఉంది. అక్కయ్యని తీసుకెళ్లు. ఒక్క రాత్రి తనకి చలేసిందనుకో, అమ్మేద్దాం. వేయలేదనుకో, ఇంకెప్పుడూ ఆ టాపిక్ ఎత్తను. డీల్?"

"డీల్" అన్నాను. అంతకన్నా మంచి షరతు నాకు దొరకదని తెలుసు. పైగా, చలి అనేది కొలవగలిగిన విషయమని నమ్మాను.

ట్రెయిలర్‌కు తనదైన గ్యాస్ హీటర్ ఒకటి ఉంది. దాని పేరెత్తగానే వదినగారు "నిద్రలోనే పైకి పంపిస్తావా?" అన్నారు కనుక అది లెక్కలోంచి పోయింది. ఇక కరెంటుతో నడిచే చిన్న హీటరే శరణ్యం. దానికో పరిమితి ఉంది. ట్రెయిలర్ లోపల ప్లగ్గులన్నీ పదిహేను ఆంపియర్ల ఒకే తీగ మీద ఉన్నాయి. బజారులో ఏ హీటర్ చూసినా గరిష్ఠం పదిహేను వందల వాట్లు. నూట ఇరవై వోల్టుల దగ్గర అది పన్నెండున్నర ఆంపియర్లు. వదినగారి అన్నం కుక్కర్ అయిదు వందల వాట్లు, నాలుగుకు కొంచెం పైన. రెండూ కలిస్తే తీగ ఊరుకోదు, కరెంటు పోతుంది. కనుక మూడు మెట్లు ఉన్న హీటర్ కావాలి: రాత్రికి పదిహేను వందలు, వంట వేళకు తొమ్మిది వందలు, మధ్యాహ్నానికి ఆరు వందలు. ఇది అయిదు నిమిషాల్లో తేలిన సంగతి. ఏ రకం హీటర్ అన్నది తేలడానికి పది రోజులు పట్టింది.

చివరికి ముగ్గురమూ కలిసి కొట్టుకు వెళ్లాం. వదినగారు వస్తానన్నారు, తన చలికి మందు తానే చూసుకోవాలన్నారు.

మొదటిది ఫ్యాను ఉన్నది. అర నిమిషంలో వేడిగాలి కొడుతుంది. వదినగారు దాని ముందు చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు. "రాత్రంతా ఇలా బుస కొడుతుందా? దీని పక్కన పడుకుంటే నిద్ర పట్టినట్టే."

రెండోది ఎర్రగా వెలిగే కడ్డీలది. "ఇది దేనికే? రొట్టెలు కాల్చుకోవడానికా?" అన్నారు. అందులో ఆవిడ పొరపాటు లేదు. అది ఎదురుగా ఉన్నదాన్నే వేడిచేస్తుంది. వీపు గడ్డకడుతూ ఉంటే మొహం మాడుతుంది.

మూడోది నూనె నింపినది. నిలువు పలకలు వరసగా పేర్చినట్టుంటుంది, చక్రాలుంటాయి, బరువు. వేడెక్కడానికి నలభై నిమిషాలు తీసుకుంటుంది. ఆ తర్వాత చప్పుడు లేదు, మంట లేదు, వెలుగు లేదు. ఆపేసినా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. నేను దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెట్టె మీది అక్షరాలన్నీ చదివి వినిపించాను.

"ఒరిగితే తనంతట తానే ఆగిపోతుంది. దీనిమీద ఏమైనా కప్పినా అంతే, వేడి ఎక్కువై లోపలే ఆగిపోతుంది. మళ్లీ పనిచేయాలంటే ప్లగ్ తీసి, చల్లారాక పెట్టాలి. అంటే మంటలు అంటుకునే భయం తక్కువ వదినా."

"ఊఁ" అన్నారు వదినగారు.

మావారు ఫోన్ చూసుకుంటూ, "అయిందా? రూమ్ హీటర్ కొనడానికి పీహెచ్‌డీ చేస్తున్నట్టుంది" అన్నారు.

"చెయ్యనీరా. పిల్లా జెల్లా ఉంటే ఈ తీరిక ఉండేదా?" అన్నారు వదినగారు. మాకు పిల్లలు లేరు. ఆ మాట వినిపించేంత దగ్గర్లో నిలబడి ఉన్న కొట్టు కుర్రవాడికి తెలుగు రాదు. అది ఒక్కటే మేలు.

మూడోది కొన్నాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు, ఆ స్టోరేజీ స్థలంలోనే కరెంటు పెట్టించుకుని, ఒక రాత్రి ట్రెయిలర్‌లో పడుకుని చూశాను. బయట ముప్ఫై నాలుగు డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో నీళ్లు గడ్డకట్టడానికి రెండే డిగ్రీలు పైన; లోపల తెల్లవారేసరికి హాయిగా అరవై ఎనిమిది. కిటికీ అంచులకు రబ్బరు పట్టీలు అంటించాను. నేలమీద రెండు పొరల తివాచీ వేశాను. తలుపు కింద సందుకు పాత తువ్వాలు చుట్టి పెట్టాను. వదినగారి మంచం హీటర్‌కు ఎంత దూరాన ఉండాలో కొలిచి, గుర్తు పెట్టాను. నా లెక్కలో గాలి ఉంది, తేమ ఉంది, కుక్కర్ ఉంది, ఆవిడ మోకాళ్లు ఉన్నాయి. అంతా చూసుకున్నానన్న తృప్తి ఉంది.

శనివారం బయలుదేరాం. దారి పొడవునా ఆకులు ఎర్రబడి ఉన్నాయి. వదినగారు రెండుసార్లు మాత్రం మాట్లాడారు; రెండుసార్లూ నా డ్రైవింగ్ గురించే.

మొదటి రాత్రి ఏ లోపమూ జరగలేదు. పొద్దున లోపల అరవై తొమ్మిది. వదినగారు ఇంటినుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకున్న పొడి చీరతో మడి కట్టుకున్నారు. ఏడున్నరకు మావారి ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టమన్నారు.

"అక్కయ్యా, చలేసిందా?"

వదినగారు కొంచెంసేపు ఆలోచించారు. అబద్ధం చెప్పడానికి అవకాశం ఉందా అని చూస్తున్నారని అప్పుడు నేననుకోలేదు. "లేదురా" అన్నారు చివరికి, వెతికిన వస్తువు దొరక్క అల్మరా మూసేసినట్టు.

అప్పటికి నాకు ఊపిరి వచ్చింది. ఇంకా అయిదు రాత్రులు ఉన్నాయి, అయితే పద్ధతి కుదిరింది. పద్ధతి కుదిరితే మిగతావి లెక్కపెట్టడమే.

ఆ మధ్యాహ్నం వదినగారు విప్పిన చీరను ఉతికి, మర్నాటికి ఆరేసుకోవాలి. ట్రెయిలర్ పక్కకు చాపిన గుడ్డ పందిరి కింద తాడు కట్టి ఇచ్చాను. సరస్సు మీదనుంచి తుంపర. సాయంత్రానికి చీర ఉతికినప్పటికన్నా బరువెక్కింది. అప్పుడు నాకు తెలిసింది, నా లెక్కలో ఆ చీర లేదు. ఇంట్లో బేస్‌మెంట్‌లో ఎక్కడో, కుర్చీల వెనక ఆరే చీర. దానికి తడి ఉంటుందనీ, ఆరడానికి చోటు కావాలనీ, రోజూ కావాలనీ నేను ఎక్కడా రాసుకోలేదు. లోపల, ఆవిడ మంచం పక్కనే, పొరపాటున నా చెయ్యి తగలనంత ఎత్తులో మరో తాడు కట్టాను. ఆవిడే దాని మీద చీర వేసుకున్నారు.

"ఆరుతుందంటావా?" అన్నారు.

"హీటర్ వేడికి తెల్లారేసరికి ఆరుతుంది వదినా."

సోమవారం తెల్లవారుజామున నేను మేలుకొన్నది చలికే. ముక్కు చివర మొద్దుబారి ఉంది. టార్చి వేసి గోడమీది థర్మామీటర్ చూశాను, నలభై ఏడు. తర్వాత కింద చూశాను. చీర తాడు మీద లేదు. నాలుగు మడతలు వేసి, హీటర్ పైనుంచి రెండు వైపులా నేలదాకా దించి, చక్కగా సర్ది ఉంది. జారిపడిన బట్ట అలా మడతలు పడి ఉండదు. హీటర్ ఎప్పుడో ఆగిపోయింది. వదినగారు రెండు బొంతల కింద, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

ఆ చీర తీస్తే చాలు. ప్లగ్ తీసి పెట్టడమే. కాని నేను స్నానం చేయలేదు. నా చెయ్యి తగిలితే మడి పోతుంది, ఆవిడకు ఆ రోజు అన్నం ఉండదు. ఏడున్నరకు ఫోన్‌లో చలి సంగతితోబాటు పస్తు సంగతి కూడా వెళుతుంది. చీర తీయకపోతే గది వేడెక్కదు. కర్రతో తీద్దామా అనుకున్నాను; కర్ర మాత్రం ఎవరి చేతిలో ఉంటుంది?

స్నానాల గది క్యాంప్‌గ్రౌండ్‌కు అటు చివర ఉంది. వదినగారు ఏ అవసరానికైనా ఉండనీ అని నాచేత పెట్టించిన నూలు చీర ఒకటి సంచిలో ఉంది. అది పట్టుకుని వెళ్లాను. తల మీదనుంచి పోసుకుని, ఆ చీరను ఆ నీళ్లలోనే తడిపి, పిండి, చుట్టుకున్నాను. తడిబట్ట మడికి పనికొస్తుంది. దాని మీద కోటు వేసుకోవడానికి వీల్లేదు. కోటు మడి కాదు. బయట ముప్ఫై ఆరు డిగ్రీలు. రబ్బరు చెప్పులతో, కారుతున్న జుట్టుతో, ఆ కంకర దారిని వెనక్కి నడిచాను. కుక్కను తిప్పుతున్న ఒక తెల్లాయన నన్ను చూసి "గుడ్ మార్నింగ్" అన్నాడు. కుక్క మాత్రం మొరిగింది.

లోపలికి వచ్చి, చీరను రెండు చేతులతో ఎత్తి తాడు మీద వేశాను. ప్లగ్ తీసి పెట్టాను. తర్వాత ఆ తడిచీరతోనే నిలబడ్డాను. పొడిబట్ట కట్టుకున్నాక, వదినగారు లేచి వంట మొదలుపెట్టేలోగా మళ్లీ ఆ చీరను తాకాల్సివస్తే ఈ నడకంతా వృథా.

"వచ్చావా?" అన్నారు వదినగారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పటినుంచి తెరిచి ఉన్నాయో నేను అడగలేదు.

ఏడున్నరకు లోపల అరవై ఒకటి. ఆవిడ స్నానం చేసి, సగం ఆరిన చీర కట్టుకుని, మంచం మీద కూర్చుని ఉన్నారు. ఫోన్ వచ్చింది.

"అక్కయ్యా, ఎలా ఉంది? చలేసిందా?"

"రాత్రి హీటర్ ఆగిపోయిందిరా. ఎముకలు కొరికేసిందనుకో."

"ఆగిపోయిందా? టెస్ట్ చేశానందిగా!"

"పాపం, దాన్నేమీ అనకు. తెల్లారకుండానే తడిబట్టలతో వచ్చి మళ్లీ పెట్టింది. ఇంకా ఆ తడిలోనే నిలబడుంది, వణుకుతోంది పిచ్చిది. ఈ వయసులో దీనికి ఇవన్నీ ఎందుకురా? నాకోసం కాదు, దానికోసం చెబుతున్నా. అమ్మేసెయ్."

"విన్నావుగా?" అన్నారాయన నాతో.

"హీటర్ మీద చీర కప్పారు. అందుకే ఆగింది."

"ఎవరు?"

"మీ అక్కయ్య."

"అంటే తప్పు అక్కయ్యదంటావా? చీర ఎక్కడ ఆరేసుకోవాలో చూడాల్సింది ఎవరు? వాట్లు, ఆంప్స్, తలుపు కింద తువ్వాలు, అన్నీ లెక్కేశావు కదా. రోజూ మన ఇంట్లో ఆరే చీర లెక్కకి రాలేదా నీకు?"

నన్ను పెళ్లి చేసుకున్న ఇరవై ఏళ్లలో నా లెక్కలో తప్పు పట్టుకోగలిగింది ఆయన ఆ ఒక్కసారే. ఆ ఒక్కటీ సరిగ్గా పట్టుకున్నారు.

"డీల్ ఈజ్ డీల్. ఈ రోజే యాడ్ పెడతాను" అని ఫోన్ పెట్టేశారు.

వదినగారు బియ్యం కడగడానికి లేచారు. నేను అలవాటుగా హీటర్‌ను తొమ్మిది వందలకు తిప్పాను. ఆవిడ చూశారు.

"కొట్లో చెప్పావుగా, పైన కప్పితే ఆగిపోతుందని. మా తమ్ముడు వినలేదు. నేను విన్నాను" అన్నారు, బియ్యంలో చెయ్యి ఆడిస్తూ. దాచడానికి ప్రయత్నించలేదు. గొప్పగానూ చెప్పలేదు.

"ఎందుకు వదినా?"

"ఎందుకేమిటే? పదహారో ఏట కాపురానికి వెళ్లాను. నలభై ఏళ్లు పదిమందికి వండి పెట్టాను. వారం రోజులు ఏమీ చేయకుండా కూర్చోవే అని నాకెవరూ చెప్పలేదు. నాకు లేనిది నీకెందుకుండాలి?" నీళ్లు వంపి, కుక్కర్ మూత పెట్టారు. "మడి మాత్రం మైలపడకుండా తీశావు. పద్ధతి తెలుసు నీకు. అది ఒప్పుకుంటాను."

అయితే ఆవిడ వెనక్కి పోదామనలేదు. ఇంకా నాలుగు రాత్రులకు స్థలం మాదే ఉంది, వండుకోవడానికి సరుకులు ఉన్నాయి, వాన వెలిసింది. నాకు మంగళవారానికి జ్వరం వచ్చింది. వదినగారు పొద్దున్నే వంట ముగించుకుని, నా కుర్చీని నీళ్లకు ఎదురుగా వేయించుకుని, శాలువా కప్పుకుని కూర్చునేవారు. మధ్యాహ్నం చూస్తే అలాగే ఉండేవారు. సాయంత్రం చూసినా అలాగే ఉండేవారు. జపమాల సంచిలోనే ఉండిపోయింది. నాకు మిరియాల చారు పెట్టి, మంచం దగ్గరికి గిన్నె జరిపి, "తాగు. నువ్వు పడిపోతే దీన్ని ఇంటికి ఎవరు తోలుతారు?" అన్నారు. మళ్లీ వెళ్లి కూర్చున్నారు.

చీర ఇక హీటర్ మీదకు రాలేదు. తాడు మీదే, రోజూ తెల్లవారేసరికి గలగలలాడేలా ఆరిపోయి ఉండేది. మంగళవారం పొద్దున అరవై ఎనిమిది. బుధవారం అరవై తొమ్మిది. గురువారం అరవై తొమ్మిది. ఫోన్‌లో మావారు చలి సంగతి మళ్లీ అడగలేదు. బుధవారం నాడు, ఫ్లింట్ ఊరి దగ్గరి ఎవరో దంపతులు యాడ్ చూసి మాట్లాడారనీ, ఆదివారం వచ్చి తీసుకువెళతారనీ, లోపల శుభ్రంగా తుడిచి తెమ్మనీ చెప్పారు.

గురువారం సాయంత్రం, మా చివరి సాయంత్రం, నేను ఆ తుడిచే పనిలో ఉన్నాను. కిటికీ అంచులకు నేను అంటించిన రబ్బరు పట్టీలు ఊడదీయాలా వద్దా అని చూస్తున్నాను. వదినగారు మంచం మీద కాళ్లు చాపుకుని, పై బొంతను పక్కకు నెట్టారు. చెంగుతో మెడ తుడుచుకున్నారు.

"అబ్బ, ఉక్కపోస్తోందే అమ్మాయ్. కాస్త తగ్గించు."

పదిహేను వందల నుంచి తొమ్మిది వందలకు తిప్పాను.

కాసేపటికి మళ్లీ అన్నారు, "ఇంకా ఉక్కగానే ఉందే."

ఆరు వందలకు తిప్పాను.